ముల్లు ఆగనీ

గుణుపురం మండీలో చింతపండు తూచేది నేను.
కొండ దిగొచ్చే సవర ఆడవాళ్ళ బుట్టలు,
ఒడియాలో బేరం, తెలుగులో షావుకారి తిట్లు.
ఏ భాషలో చెప్పినా ఇరవై ఇరవయ్యే.
అంకెలతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మాటలతో.
"ఓసారి ఇంటికి రా" అంటారు, ఎప్పుడో చెప్పరు.
"మన మధ్య లెక్కలేటి" అన్నవాళ్ళే
మర్నాడు లెక్క పట్టుకొస్తారు.

మన్మథరావు అలా వచ్చినవాడే.
టీ కొట్లో చివరి బల్ల మీద నేనొక్కదాన్నే కూచుంటానని
మూడు వారాలు చూసి, నాలుగో వారం
ఆకుదొన్నెలో ఛెనాపొడ తెచ్చాడు.
అంచు మాడిన ముక్కే నాకిష్టమని కనిపెట్టాడు.
చెల్లీ అన్నాడు. నాకు అన్నలు లేరు,
ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకున్నాను.
హామీ కాగితం మీద సంతకం
బండి ఇంజను ఆపకుండా అడిగాడు.
"చెల్లివి కదా, మళ్ళీ చదవడమేటి?"
పదకొండు నెలల జీతం పోయింది.
బ్యాంకులో ఎవరూ నన్ను చెల్లీ అనలేదు.

"దీనికి మనుషుల్ని చదవడం రాదు" అన్నారు ఇంట్లో.
వాడు చదివాడుగా నన్ను, పొల్లు పోకుండా.
ఆ చదువేనా నేను నేర్చుకోవలసింది?

బరంపురం డాక్టరమ్మ నాకొక పేరు రాసిచ్చింది.
ఆటిజం. ముప్పై రెండో ఏట.
ఆ కాగితం అయిదు కేజీల గుండు కింద ఉంది,
గాలికి ఎగరకుండా.

ఏటా తూకాలకి ముద్ర వెయ్యడానికొచ్చే
పాణిగ్రాహి బాబు మాట మాత్రం రోజూ వాడతాను.
"బుట్ట పడగానే ముల్లు ఎగురుతుంది.
ఎగిరే ముల్లు చూపించే ఏ అంకైనా అబద్ధమే.
ఆగనీ, అప్పుడు చదువు."
ఆయన త్రాసు గురించే చెప్పాడు.
నేను దాన్ని ఇంటికి తీసుకెళ్ళాను.

ఇప్పుడు ఎవరేం అడిగినా
"రేపు చెప్తాను."
అద్దం ముందు ఎన్నిసార్లో వల్లించిన మాట.
గొంతు వణికినా అర్థం మారదు.
రాత్రి నోటుపుస్తకంలో, అడిగింది రాసుకుంటాను,
పొగడ్త తీసేసి, చుట్టరికం తీసేసి,
ఏడుపు కూడా తీసేసి,
గోనె బరువు తీసేసినట్టు.
మిగిలిందే సరుకు.

సొంబారి రెండొందలు అడిగింది, మనవడికి మందులకి.
రేపు అన్నాను. సరే అని
గోదాము అరుగు మీద బుట్ట బోర్లించుకుని పడుకుంది.
తెల్లారి ఇచ్చాను. నిన్న ఎందుకివ్వలేదని అడగలేదు.

ఈ ఫాల్గుణంలో మన్మథరావు మళ్ళీ వచ్చాడు.
బుట్టకి రెండు కేజీలు తక్కువ రాయమన్నాడు.
అందరూ రాస్తారన్నాడు, నాకు లౌక్యం లేదన్నాడు,
తన పిల్లల పేర్లు చెప్పాడు,
గుండు కింది కాగితం సంగతి షావుకారికి చెప్పనా అన్నాడు.
రేపు అన్నాను.
"ఇప్పుడే చెప్పాల!"
ఆ ఒక్క మాటకే సగం తూకం తేలింది.
రాత్రి పుస్తకంలో ఒకే వాక్యం మిగిలింది:
సొంబారి బుట్టలో దొంగతనం చెయ్యమంటున్నాడు.
మర్నాడు "చెయ్యను" అన్నాను, బండి చక్రం వైపు చూస్తూ.
షావుకారికి కాగితం సంగతి ముందే నేను చెప్పేశాను.
"తూకం సరిగ్గా ఉందా, లేదా?" అన్నాడాయన.
ఉంది.

మండీలో నన్ను పొగరుబోతంటున్నారు.
ఛెనాపొడ నేనే కొనుక్కుంటున్నాను.
ఎదురు కుర్చీ ఖాళీ. అది బాగుందని అనను.

మొన్న జ్వరంలో అమ్మ అడిగింది,
"కాసేపు నా పక్కన పడుకుంటావా?"
అలవాటుగా "రేపు చెప్తాను" అనేశాను.
అమ్మ గోడవైపు తిరిగింది.
నాలుగు నిమిషాలకి వెళ్ళి పడుకున్నాను.
వీపు కాలిపోతోంది.

కొన్ని బుట్టలకి ముల్లు వెంటనే ఆగుతుంది కాబోలు.
ఏ బుట్టలకో
పుస్తకంలో ఇంకా రాయలేదు.